మూత మీద బూడిదరంగు పొర

తొంభైల చివర, తుపాను వానలు వెలిసిన ఒక డిసెంబరులో, నన్ను తీర సర్వే కార్యాలయం నుంచి రేవు బయటి పారబోత స్థలం పర్యవేక్షణకు వేశారు. అప్పటికి నా హోదా సైంటిఫిక్ ఆఫీసరు. నా పైన సీనియర్ సైంటిఫిక్ ఆఫీసరు రామనాథంగారు, ఆయన పైన డైరెక్టరు. నా కింద సముద్రం తప్ప ఎవరూ లేరు.

పారబోత స్థలమంటే ఏమిటో ముందు చెప్పాలి. రేవులో ఓడలు తిరగడానికి లోతు చాలకపోతే అడుగున పేరుకున్న మట్టిని డ్రెడ్జర్ తవ్వి తీస్తుంది. మామూలు మట్టి అయితే దూరంగా తీసుకెళ్లి సముద్రంలో వదిలేస్తారు. ఓడలు మరమ్మతు చేసే మూల నుంచి తీసిన బురద మామూలుది కాదు. ఏళ్ల తరబడి గీకిన రంగు పెచ్చులు, నూనె, రాగి, సీసం అందులో కలిసి ఉంటాయి. దాన్ని తీరానికి దూరంగా, సముద్రం అడుగున సహజంగా ఉన్న ఒక గుంటలో పోసి, పైన శుభ్రమైన ఇసుక మందంగా కప్పారు. ఆ ఇసుకనే మేం మూత అనేవాళ్లం. అన్నం గిన్నె మీద మూత పెడితే ఇక దాని సంగతి మరిచిపోవచ్చు. సముద్రంలో పెట్టిన మూతను మాత్రం వెళ్లి చూసి వస్తూండాలి. అలలు దాన్ని కోస్తాయి, పీతలు బొరియలు చేస్తాయి, కింది బురద బరువుకు నలిగి పైకి ఉబికినా ఉబుకుతుంది. అవేవీ జరగలేదని తేల్చడమే నా పని.

ఆ గుంట చుట్టూ పటం మీద ఒక వలయం గీసి, అందులో వల వేయకూడదని నిషేధం పెట్టారు. వరుసగా మూడు సర్వేల్లో మూత చెక్కుచెదరలేదని తేలితే నిషేధం ఎత్తేస్తామని రేవు అధికారులు పక్క పల్లెకారులకు మాటిచ్చారు. మా సర్వే పడవ నడిపే సరంగు నూకరాజుది ఆ పల్లే. వాళ్ల చిన్న పడవలు వెళ్లగలిగిన దగ్గరి చేపల మేత ఆ వలయంలోనే ఉంది. నిషేధం వచ్చాక వాళ్లలో చాలామంది వలలు చుట్టిపెట్టి రేవులో మూటలు మోస్తున్నారు. రెండు సర్వేలు బాగానే వచ్చాయి. నేను వెళ్లింది మూడోదానికి.

ఆ రోజు సముద్రం నాకిప్పటికీ కళ్ల ముందు కదులుతుంది. గాలి లేదు. పొగమంచుకు నీళ్లకూ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయి, పడవ దేని మీద తేలుతోందో తెలియలేదు. ఇంజను ఆపేశాక అసలు మేమున్నామా అనిపించింది. మార్కాపురంలో పుట్టి పెరిగి, వేసవిలో బిందె నీళ్ల కోసం వాకిళ్లలో కాపు కాసిన నాకు, అన్ని నీళ్ల మధ్య కూర్చుంటే ఎప్పుడూ ఎవరిదో కలలోకి పొరపాటున వచ్చినట్టే ఉండేది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ భావం పోలేదు, పోవాలని నేనూ కోరుకోలేదు.

అడుగు మట్టిని తీయడానికి కోర్ గొట్టం వాడతాం. మనిషి ఎత్తు ఇనుప గొట్టం, దాని నెత్తిన సీసం బరువు, లోపల పారదర్శకమైన మరో గొట్టం. తాడు వదిలితే అది నిలువుగా దిగి అడుగున గుచ్చుకుంటుంది. పైకి లాగితే పొరలు పొరలుగా సముద్రపు అడుగు చేతికొస్తుంది. లోపలి గొట్టాన్ని వెదురు చీల్చినట్టు నిలువునా చీల్చి, ఒక సగం పరీక్షకు, ఒక సగం భద్రపరచడానికి ఉంచుతాం. మూత బాగుంటే పైన ఇసుక, కింద నల్లటి రేవు బురద కనిపించాలి.

మొదటి కోర్ చీల్చగానే ఇసుక పైన రెండు వేళ్ల మందాన బూడిదరంగు మెత్తటి పొర కనిపించింది. క్రితం సర్వేలో అది లేదు. నూకరాజు చుక్కాని వదిలి వచ్చి నా భుజం మీదుగా వంగి చూశాడు. "కింద బురదే పైకొచ్చేసిందా అమ్మగారూ?" అన్నాడు. ఆ గొంతు విన్నాక అతని ముఖం చూడలేకపోయాను. పరీక్ష చేస్తే గానీ తెలియదని చెప్పాను. అది నిజమే, కానీ ఉద్యోగస్తులు తప్పించుకోవాలనుకున్నప్పుడూ సరిగ్గా అదే మాట చెబుతారు.

నన్ను కలవరపెట్టింది పొర కాదు, దాని వాసన. రేవు బురద కుళ్లిన కోడిగుడ్డు వాసన, డీజిలు వాసన వేస్తుంది. ఈ పొర తడి పలక వాసన వేసింది. మా నాయనది మార్కాపురంలో పలకల వ్యాపారం. లోడు దిగినప్పుడు ఆయన ఒక బండ తీసి, ముఖం దగ్గర పెట్టుకుని, దాని మీద ఊపిరి వదిలి వాసన చూసేవాడు. మంచి పలక తొలకరి దుమ్ము వాసన వేస్తుంది. అట్ల వాసన రాకపోతే ఆ రాయి చీలేటప్పుడు విరుగుతుందని ఆయన లెక్క. నాకు నడక రాకముందే ఆ వాసన చూపించాడట. చుట్టూ ఉప్పునీళ్లు, మధ్యలో నేను, గొట్టంలో మా దుకాణం వాసన. ఒక్క క్షణం నాకు కాళ్ల కింద పడవ ఉన్నట్టు తోచలేదు.

ఆఫీసుకు వచ్చి రామనాథంగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన శాంతంగా విని, మన విధాన గ్రంథంలో ముక్కుకు ఎక్కడా స్థానం లేదమ్మా అన్నారు. ఆయన మాట న్యాయమే. మట్టిని జల్లెళ్లలో వేరుచేసి సూక్ష్మదర్శిని కింద పెట్టాం. అందులో నది ఒండ్రు ఉంది, పలచటి బూడిదరంగు రాతి పలుకులు ఉన్నాయి, వాటితో పాటు నీలిగా మెరిసే గరుకు రేణువులు కొన్ని ఉన్నాయి. అవి కార్బొరండం. ప్రకృతిలో దొరకదు, కొలిమిలో తయారుచేసి అరగదీసే పనికి వాడతారు. రామనాథంగారు కుర్చీలో వెనక్కి వాలారు. మరమ్మతు యార్డులో ఓడల పొట్టలను ఆ రాయి చక్రాలతోనే గీకుతారని, కాబట్టి ఇది కింది బురదే అయ్యే అవకాశం ఉందని అన్నారు. అలా అయితే మూత పగిలినట్టే. నిషేధం ఎత్తే ప్రసక్తి ఉండదు.

మా ఊళ్లో పలకలు నునుపు చేసే పాలిష్ మిషన్లలోనూ ఆ పొడే వాడతారని చెప్పాను. ఆ ఏడు వానలకు గుండ్లకమ్మ పొంగి సముద్రంలో పడిందని కూడా గుర్తుచేశాను. ఆయన గోడ మీది పటం చూసి, మీ ఊరు ఎక్కడ, ఈ వలయం ఎక్కడ అన్నారు. నీళ్లు బస్సు కన్నా నెమ్మదిగా వస్తాయి గానీ మధ్యలో ఎక్కడా దిగిపోవు సార్ అన్నాను. నవ్వారు. నవ్వించిన వాళ్లకే పని అంటగట్టడం ఆయన అలవాటు. నది వెంట ఎగువకు వెళ్లి పోలిక నమూనాలు తీసుకురమ్మని నాకు టూరు రాశారు.

పోలిక నమూనా అంటే అనుమానం ఉన్న చోటు నుంచే కాక, అనుమానం లేని చోటు నుంచి కూడా తీసేది. అందుకని జీపులో ముందు గిద్దలూరు, కొమరోలు వైపు పోయాను. కొమరోలు పక్క వాగుల నీళ్లు సగిలేరు పట్టి దక్షిణాన పెన్నకు పోతాయి, గుండ్లకమ్మకు రావు. పెన్న ఒండ్రు తీరం వెంట ప్రవాహంలో కొట్టుకొచ్చిందేమో అన్న ప్రశ్న రేపు ఎవరూ అడగకూడదని అక్కడి మట్టి కూడా తీశాం. తర్వాత కంభం మీదుగా మార్కాపురం వైపు దిగాం.

ఆ ప్రయాణమంతా నాకు సగం నిద్రలో జరిగినట్టుంటుంది. వానలు పోయి నెలన్నా కాలేదు, అప్పుడే వాగులు ఎండి ఇసుక పైకి తేలింది. కందిచేలు, రాళ్ల దిబ్బలు, బోర్ల దగ్గర మాత్రం నాలుగు మళ్ల పచ్చదనం, వెనక నల్లమల నీలంగా పడుకుని ఉంది. ఆ నేలలో దొరికే పలక రాయి ఒకప్పటి సముద్రపు అడుగు బురదే. మనిషి పుట్టుకకు ఎంతో ముందు ఇక్కడ ఒక సముద్రం ఉండేది. దాని అడుగున నెమ్మదిగా పేరుకున్న మెత్తటి బురద గట్టిపడి రాయి అయింది. చిన్నప్పుడు నాయన దుకాణంలో అలల్లాంటి గీతలు తేలిన బండలు కొన్ని వచ్చేవి. వాటి మీద రాయడానికి వీలుండదని పక్కకు పారేసేవాళ్లు. ఆ గీతలు నిజంగానే నీళ్లు గీసినవని నాకు కాలేజీలో గానీ తెలియలేదు. సముద్రం అడుగును చదవడానికి ఇంత దూరం ఉద్యోగానికి పోయిన నేను, పుట్టిందే సముద్రం అడుగున. జీపు గతుకుల్లో ఊగుతుంటే, ఆ కంది చేల మీద ఎత్తుగా నీళ్లున్నట్టు, మేం వాటి కింద మెల్లగా పోతున్నట్టు అనిపించేది. డ్రైవరుతో ఈ మాట అనలేదు. అంటే జీపు ఆపి నా ముఖం చూసేవాడేమో.

మార్కాపురం దగ్గర గుండ్లకమ్మలో కలిసే ఒక చిన్న వాగులో నమూనా తీయాలని రామనాథంగారు పటం మీదే గుర్తు పెట్టారు. అక్కడ నీళ్లు ఇంకా కొద్దిగా పారుతున్నాయి. అవి పాలల్లో బూడిద కలిపినట్టున్నాయి. నేను చెప్పులతోనే దిగి సీసాలోకి బురద తోడుతుంటే గట్టు మీద గొర్రెల మంద ఆపి ఒకామె చూస్తూ నిలబడింది. తన పేరు ఓబులమ్మ అని చెప్పింది.

"ఏందక్కా, ఆ బురద ఏం చేసుకుంటావు?"

సముద్రంలో దొరికిన మట్టితో పోల్చడానికని చెప్పాను.

"మా వాగు సముద్రానికి పోతాదా?" అని ఆమె నవ్వింది. "నేను ఒంగోలే చూడలా, ఇది సముద్రం చూసొచ్చిందా!" నవ్వు ఆగాక, నీళ్ల వైపు చెయ్యి చూపింది. "ఈ నీళ్లకు గొర్లు మూతి గూడ పెట్టవక్కా. పైన పాలిష్ మిషను పెట్టినారు గదా, ఆ బూడిద నీళ్లన్నీ ఇందులోకే. రోజూ మందను అవతల ఊరి బాయికాడికి తోలకపోతాండా."

ఎవరి మిషను అని అడిగాను.

"పలకల సుబ్బరంగయ్య సెట్టిది. మంచోడే. బడి తెరిచేటప్పుడు మా పిల్లోళ్లకు ఊరికే పలకలిస్తాడు. మంచోడైతే మటుకు గొర్లు తాగుతాయా?"

సుబ్బరంగయ్య సెట్టి మా నాయన. నేను ఉద్యోగంలో చేరాక ఆయన మిషను షెడ్డును ఊళ్లోంచి బయటకు మార్చాడని తెలుసు గానీ, అది ఈ వాగు ఒడ్డున అని నాకు తెలియదు. సీసా మూత బిగించాను. ఓబులమ్మకు నేనెవరో చెప్పలేదు. ఆమె గొర్లను అదిలించుకుంటూ బావి వైపు పోయింది. బూడిద నీళ్లు మాత్రం రాళ్ల మధ్య తూర్పుకు మెల్లగా పోతూనే ఉన్నాయి. వాటిని చూస్తూ నేను ఎంతసేపు నిలబడ్డానో డ్రైవరు హారన్ కొట్టేదాకా తెలియలేదు.

మార్కాపురం బస్టాండు దగ్గరి ఫోను బూత్ నుంచి రామనాథంగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఈ పని నుంచి తప్పించమన్నాను. ఆయన నమూనాలు తీయడం పూర్తి చేయండి, వాటికి పేర్లు కాక గుర్తు అంకెలు మాత్రం వేద్దాం, ఏ అంకె ఏ చోటుదో తెలియని వేరే ఆఫీసరు పరీక్ష చేస్తారు అన్నారు. మా వృత్తిలో ఇది ఉన్న పద్ధతే. ఇంటికి వెళ్లినా పని సంగతి ఎత్తవద్దని కూడా చెప్పారు. షెడ్డు ఎగువన ఒకటి, దిగువన ఒకటి, షెడ్డు కాలువ వాగులో కలిసే చోట ఒకటి తీశాను.

సాయంత్రం ఇంటికి పోతే నాయన దుకాణం మెట్ల మీదే ఎదురొచ్చాడు. "ఏంది పాపా, చెప్పాపెట్టకుండా ఇట్ల వచ్చినావు?" అంటూ నా కాళ్ల వైపు చూశాడు. చెప్పులకు అంటిన బురదను ఆయన పోల్చుకోకుండా ఎట్లా ఉంటాడు! "మన షెడ్డు బురదే గదా ఇది. వాగులోకెందుకు దిగినావు?" అన్నాడు. నమూనా కోసం నాయనా అన్నాను. ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి, నేను వద్దంటున్నా వినకుండా నా చెప్పులు కడిగి ఆరబెట్టాడు. ఆ రాత్రి నాకిష్టమని గోంగూర చేయించి, కలిపి ముద్దలు పెడతానన్నాడు. అప్పటికి నాకు ముప్పై దాటాయి. ఒక్కో ముద్దా మింగుతుంటే ఆయన మీద ప్రేమ, ఆయన మీద కోపం రెండూ కలిసే గొంతు దిగాయి.

ఫలితాలు వచ్చాక అంకెలు విప్పాం. షెడ్డు ఎగువన తీసిన మట్టిలో కార్బొరండం లేదు. కొమరోలు మట్టిలో లేదు. షెడ్డు దిగువ మట్టిలో పలక పలుకులూ కార్బొరండం జంటగా ఉన్నాయి, సముద్రపు పొరలో ఉన్నట్టే. రేవు బురదలోని రేణువులకు మాత్రం రంగు పెచ్చులు తోడుగా ఉన్నాయి, పలక పలుకులు లేవు. దీనికి తోడు, ఆ బూడిదరంగు పొర వలయం బయట తీసిన కోర్లలోనూ ఉంది. దాని కింద ఇసుక శుభ్రంగా ఉంది, రెంటికీ మధ్య గీత చాకుతో కోసినంత స్పష్టంగా ఉంది. కింద నుంచి ఎక్కి వచ్చిన బురద అయితే ఇసుకలో దారి కనిపించేది. అంటే పొర పైనుంచే దిగింది. నది వరదతో వచ్చిన ఒండ్రు అది, అందులో కొంత మా నాయన మిషను దుమ్ము. మూత పగల్లేదు.

నివేదిక రాసే పని నాదే. మొదటి పేజీలో ఒక వాక్యం చేర్చాను: పాలిష్ షెడ్డు ఈ నివేదిక రాసినవారి తండ్రిది. రామనాథంగారు ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, ఎందుకమ్మా లేనిపోని తంటా, అంకెలు వేసి పరీక్ష చేయించాం కదా, షెడ్డు పేరు కూడా అక్కర్లేదు, ఎగువ నుంచి అని రాస్తే చాలదా అన్నారు. ఆయన నా మంచికే అన్నారు. ఎగువ అంటే ఎక్కడ అని ఎవరైనా అడిగితే నూకరాజు పల్లెకు నిషేధం ఎత్తడం మళ్లీ ఆగిపోతుంది సార్ అన్నాను. ఆయన రబ్బరు తీసి తన గీతను తుడిచేశారు.

నిషేధం ఎత్తేశారు. పడవలు వలయంలోకి పోయిన మొదటి ఉదయం నేను సర్వే పడవలోనే ఉన్నాను. మంచులో తెరచాపలు ఒక్కొక్కటే తేలి, దగ్గరకు వచ్చేసరికి మనుషులై, మళ్లీ మంచులో కలిసిపోయాయి. నూకరాజు చుక్కాని పట్టుకుని తన పల్లెవాళ్లను పేరు పేరునా పిలుస్తున్నాడు. నాకు చాలా సంతోషమేసింది.

నివేదిక ప్రతులు నియమం ప్రకారం సంబంధిత శాఖలకు పోతాయి. నాలుగు నెలల్లో మా నాయనకు నోటీసు వచ్చింది. మిషను నీళ్లు వాగులోకి వదలకూడదు, తొట్లు కట్టి దుమ్ము పేరుకోనిచ్చి, తేరిన నీళ్లే వాడుకోవాలి. షెడ్డు చోట తొట్లకు జాగా లేదు. ఆయన మిషను అమ్మేశాడు. అక్కడ పనిచేసినవాళ్లు వేరే ఫ్యాక్టరీలకు పోయారు, ఒకరిద్దరు త్రిపురాంతకం వైపు కూలికి పోయారని విన్నాను. ఆయన దుకాణంలో కొని అమ్మడం మాత్రమే మిగిలింది.

నేను సెలవు పెట్టి ఇంటికి పోయాను. ఆయన దుకాణంలో గుడ్డతో పలకలు తుడుస్తున్నాడు. ఒండ్రు, మూత, వలయం అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అయితే మీ రేవోళ్ల విషం మీద నా దుమ్ము గూడ దుప్పటి కప్పిందన్న మాట. మల్లా నన్నే ఎందుకు ఆపినారు పాపా?"

వాగులో గొర్లు నీళ్లు తాగడం లేదు నాయనా అన్నాను. ఆయన తుడుస్తున్న పలక పక్కన పెట్టాడు. ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు, చూడనట్టు ఉన్నాడంతే.

"సంతకం పెట్టేటప్పుడు నీకు తెలుసునా, ఇట్ల అయితాదని?"

తెలుసు అన్నాను.

చాలాసేపు బజారు వైపు చూశాడు. "సరే. తెలిసి పెట్టినావంటే సరిగ్గానే రాసింటావు," అని మళ్లీ పలక చేతిలోకి తీసుకున్నాడు. మిషను గురించి ఆయన నాతో ఇంకెప్పుడూ మాట్లాడలేదు. నేను ఏడవలేదని చెబితే అబద్ధమవుతుంది.

ఆ తర్వాత నా కింద పనిచేసిన జూనియర్లకు, కోర్ చీల్చే ముందు ఒక ప్రశ్న వేసేదాన్ని: ఇందులో ఏం కనిపించాలని నీకుంది? ఏమీ లేదని చెప్పినవాళ్లను నమ్మేదాన్ని కాదు. ఫలానాది అని ఒప్పుకున్నవాళ్ల నమూనాకు అంకె వేసి వేరొకరి చేతికిచ్చేదాన్ని. నా ఉద్యోగంలో చాలా నివేదికల మీద సంతకం పెట్టాను. ఒక్కదానిలో మాత్రం, తేలేది పగిలిన మూత అయినా, మా వాగు దుమ్ము అయినా, ఏదీ నేను కోరుకున్నది కాదు. నేను పూర్తిగా నమ్మే నివేదిక అదొక్కటే.